మా బావమరిది పడని రోజు

మా బావమరిది పరుపుల కొట్టుకి వెళ్లి, ఏ పరుపునైనా చూపించి "ఇది గట్టిదేనా అండీ?" అని మాత్రం అడక్కండి. అడిగారో, మనిషి కళ్లజోడు తీసి కౌంటరు మీద పెడతాడు. జేబులోంచి పెన్నూ ఫోనూ తీసి దాని పక్కన పెడతాడు. చెప్పులు విడుస్తాడు. మీరు "అబ్బే, ఊరికే అడిగానండీ" అనేలోపే జానెడెత్తు గాల్లోకి లేచి, ఆ పరుపు మీద వెల్లకిలా దబ్బున పడతాడు.

పడటమంటే మీరూ నేనూ పడ్డట్టు కాదు. మనం పడితే ముందు మోచెయ్యి తగులుతుంది, తర్వాత నడుం, ఆఖర్న పరువు. వాడు పడితే వీపంతా ఒక్కసారే ఆనుతుంది, తల మాత్రం ఆనదు. పడుకున్నచోటి నుంచే మీ మొహంలోకి చూసి, "ఏమంటారు, ఇంటికి పంపించెయ్యమంటారా?" అంటాడు. వచ్చినవాళ్లు ముందు అయ్యయ్యో అంటారు, తర్వాత కొంటారు. ఇంత బాగా పడటం ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగితే, "కాలేజీలో" అంటాడు. అందులో అబద్ధం అణువంత కూడా లేదు.

వాడు మా ఆవిడకి తమ్ముడు. ఇంట్లో అందరికీ చిన్నోడు. కాలేజీ కుస్తీ జట్టులో మాత్రం వాడి పేరు పరుపు. ఒకసారి స్నేహితులెవరో వీధిలోంచి "ఒరేయ్ పరుపూ!" అని కేకేస్తే మా అత్తయ్య బయటికొచ్చి, అదేం పిలుపని అడిగిందట. "నా మనసు మెత్తనిదని అలా పిలుస్తారమ్మా" అన్నాడు వీడు. ఆవిడ కళ్లొత్తుకుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ జట్టులో ఎవరు ఎవర్ని ఎత్తి పడేయాలన్నా కింద ఉండేది మావాడే.

కుస్తీలో ఒక్కో బరువుకీ కాలేజీ తరఫున ఒక్కడే దిగాలి. మావాడి బరువుకి ఇద్దరున్నారు. రెండోవాడి పేరు తాళం. మెడ చుట్టూ చెయ్యి బిగించాడంటే తాళం పడ్డట్టే, ఇంక ఊడి రాదని ఆ పేరు పెట్టారు. మనిషి పొట్టిగా, దిట్టంగా, బీరువాలా ఉండేవాడు. మావాడు గోడకి జారేసిన నిచ్చెనలా ఉండేవాడు. కాటా ఎక్కితే మాత్రం ఇద్దరూ ఒకటే. అందుకని ప్రతి పోటీకి ముందూ కుస్తీ మాస్టారు వీళ్లిద్దరికీ ఒక పట్టు పెట్టేవాడు. గెలిచినవాడు జట్టు డ్రెస్సు వేసుకుని బరిలోకి దిగాలి. ఓడినవాడు తువ్వాలూ నీళ్లసీసా పట్టుకుని మ్యాట్ పక్కన కూర్చోవాలి. పోటీ అయ్యాక ఆ డ్రెస్సు ఇంటికి తీసుకెళ్లి ఉతికి తేవాలి.

మూడేళ్లుగా ఆ డ్రెస్సు ఉతుకుతున్నది మావాడే.

చూశారా, అక్కడే వచ్చింది చిక్కంతా. అత్తయ్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. పెరట్లో తీగ మీద కాలేజీ డ్రెస్సు ఆరుతుంటే చూసి మురిసిపోయేది. "ఎంత చెమట పట్టిందో నా తండ్రికి!" అనుకుంటూ దాన్ని తిరగేసి మరీ ఆరేసేది. బట్టల మనిషి కదా, ఒకసారి జానతో కొలిచి, "ఏరా, ఇది నీకు పొట్టి కాదూ? వెడల్పు చూస్తే ఇద్దరు పట్టేలా ఉంది" అంది. "కుస్తీకి అలాగే ఉండాలమ్మా" అన్నాడు వీడు. కుస్తీ గురించి ఆవిడకేం తెలుసు? సరేనంది. పోటీలు ఎప్పుడూ పై ఊళ్లలో జరిగేవి గనక, కొడుకు దిగుతున్నాడో తువ్వాలు పట్టుకుంటున్నాడో చూసొచ్చి చెప్పేవాళ్లు లేరు. వాడు అబద్ధం చెప్పలేదు. "జట్టులో ఉన్నాను" అన్నాడంతే. మిగతాదంతా తీగ మీద ఆరిన బట్ట చెప్పింది.

ఆఖరి సంవత్సరం ఆఖరి పోటీలు ఖర్మకొద్దీ వాళ్ల కాలేజీలోనే పడ్డాయి. అత్తయ్య చెవిన పడింది. ఇంకేముంది! అంచు మడిచిన ప్రతి గౌనుతోపాటూ, బొత్తాం కుట్టిన ప్రతి చొక్కాతోపాటూ ఈ కబురు కూడా ఇంటింటికీ వెళ్లిపోయింది. "మావాడు దిగుతున్నాడు, మీరంతా రావాలి" అని వీధి వీధంతా పిలిచేసింది. ఆ రోజుకని కొడుక్కి కొత్త చొక్కా కూడా మొదలుపెట్టింది.

ఆ చొక్కా కొలతల రోజునే నేనక్కడ ఉన్నాను. ఆదివారం, పొద్దున్నే అత్తారింటికి వెళ్లాను. కాఫీ చేతికొచ్చింది. అత్తయ్య టేపు తీసుకుని, "ఇలా రారా, మెడ చూద్దాం" అని వాడి మెడ మీదుగా టేపు తిప్పి, చెయ్యి భుజం మీద ఆనించింది.

మావాడు గాల్లోకి లేచాడు.

లేచి, ఒక పల్టీ కొట్టి, కత్తిరించి పెట్టిన గుడ్డల కుప్పలో వెల్లకిలా పడ్డాడు. కుర్చీ పడింది. దారపుండలు గదంతా దొర్లాయి. కాఫీ నా ఒళ్లో పడింది. అత్తయ్య టేపు పట్టుకున్న చేతిని అలాగే గాల్లో ఉంచుకుని, ఆ చేతి వంక చూసుకుంటోంది.

"నేనేం చెయ్యలేదు బాబూ" అంది నాతో, "కొలిచానంతే."

వాణ్ణి పెరట్లోకి లాక్కుపోయి అడిగాను. "ఏరా, ఏమైంది నీకు? మూర్ఛా?"

"కాదు బావా" అన్నాడు తల వంచుకుని. "మెడ మీద చెయ్యి పడితే అంతే. ఒళ్లు దానంతటదే లేచి పడిపోతుంది. మొన్న బస్సు కోసం వరసలో నిలబడితే, వెనక ఒక ముసలాయన 'జరుగు బాబూ' అని భుజం తట్టాడు. పడ్డాను. పాపం ఆయన జడుసుకున్నాడు. నన్ను లేపి మూడు సార్లు క్షమాపణ చెప్పాడు."

అప్పుడు బయటపడింది కథంతా. తాళంగాడి అసలు విద్య ఒక్కటే. మెడ చుట్టూ చెయ్యేసి, నడుం లోపలికి దూర్చి, వీపు మీదుగా అవతలికి విసరడం. సాధన చేసేటప్పుడు ఎత్తించుకునేవాడు బిగుసుకుంటే ఇద్దరి నడుములూ పోతాయి గనక, సరిగ్గా సమయానికి వాడు చిన్నగా ఎగిరి సాయపడాలి. వంతులవారీగా ఒకసారి వీడూ ఒకసారి వాడూ పడితే గొడవ లేదు. కానీ మాస్టారు, బరిలో దిగేది తాళం గనక సాధనంతా వాడికే కావాలన్నాడు. మాస్టారికి విజిలు నోట్లోంచి తీసే అలవాటు లేదు. తిట్టినా మెచ్చుకున్నా సగం మాట, సగం ఈల. ఆ ఈల వినపడగానే మావాడు ఎగరడం, పడటం, లేవడం, మళ్లీ ఎగరడం. మూడేళ్లు అదే పని.

"మరి జట్టులోకి ఎవర్ని తీసుకోవాలో చూసే పట్టులో కూడా ఎగురుతున్నావా?"

"ఎగరకూడదనే దిగుతాను బావా. వాడి చెయ్యి మెడ మీద పడేదాకా ఎగరను."

"పడ్డాక?"

"పడ్డాక నాకు తెలిసేసరికి పైకప్పు కనపడుతూ ఉంటుంది."

నవ్వు ఆపుకోలేకపోయాను. వాడి మొహం చూసి ఆపుకున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంకో వారంలో సెలక్షన్ బావా. వీధంతా వస్తోంది. అమ్మ నన్ను తువ్వాలు పట్టుకుని చూస్తుంది. ఒక్కసారి, ఒక్కసారి ఆ డ్రెస్సు నేను వేసుకోవాలి. గెలవక్కర్లేదు. నేను ఉతకడం కాదు, నేను మాపాలి దాన్ని."

ఆ మాటతో నా మనసు కరిగిపోయింది. సాయంత్రాలు మా ఇంటికి రమ్మన్నాను.

మా ముందు గదిలో టీపాయి గోడకి జరిపి, ఇన్సూరెన్సు ఆఫీసు గుమస్తానైన నేను, పొట్ట లోపలికి పీల్చి, కుస్తీ మొదలుపెట్టాను. మెడ మీద చెయ్యేశాను. పడ్డాడు. మళ్లీ వేశాను. పడ్డాడు. నాకు చెప్పలేనంత ఉత్సాహం వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరినీ పడేసింది లేదు. "చూశావా నా బలం!" అని మా ఆవిణ్ణి కేకేశాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చి, చీపురు చంకలో పెట్టుకుని, చిటికెనవేలు తమ్ముడి మెడ మీద ఆనించింది. పడ్డాడు.

"చాల్లెండి బలం" అంది.

కింద వాటా వాళ్లు వచ్చి, పైన ఏదైనా బియ్యం మూటలు దించుతున్నారా అని అడిగి వెళ్లారు. నాలుగు రోజులు గడిచాయి. వీడి పడటం ఇంకాస్త మెరుగుపడింది తప్ప మరే మార్పూ లేదు. ఆఖరికి మా ఆవిడ విసిగిపోయింది. అల్మారా తెరిచి, మా పెళ్లికి వాళ్ల పెద్దమ్మ ఇచ్చిన పింగాణీ కప్పుల సెట్టు తీసింది. బంగారు అంచు, నీలం పువ్వులు. నాకు పెళ్లయినప్పటి నుంచీ ఆ కప్పుల్లో ఒక్కసారి కూడా కాఫీ ఇవ్వలేదు. ఆ సెట్టంతా పళ్లెంలో పేర్చి, అంచుదాకా నీళ్లు పోసి, తమ్ముడి రెండు చేతుల్లో పెట్టింది.

"ఒక్కటి పగిలిందనుకో" అంది చాలా నెమ్మదిగా, "నువ్వు నాకు తమ్ముడివి కాదు, ఈయన నాకు మొగుడు కాదు. ఇప్పుడు వెయ్యండి చెయ్యి."

"నేనేం చేశానే మధ్యలో?" అన్నాను.

"వెయ్యండి!"

వేశాను. వాడి ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. మడమలు లేచాయి. కప్పులు గలగలమన్నాయి. వాడు అక్క కళ్లలోకి చూశాడు. మడమలు దిగాయి. పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు నిలబడిపోయాయి. ఈసారి మెడ పట్టుకుని గుంజాను. కదల్లేదు. వేలాడాను. ఊహూఁ. నా నడుం కలుక్కుమంది గానీ కప్పులో నీళ్లు తొణకలేదు.

"బావా!" అన్నాడు గుసగుసగా, ఊపిరి వదిలితే ఎక్కడ పగిలిపోతాయోనన్నట్టు. "పైకప్పు కనపడలేదు బావా. నువ్వే కనపడుతున్నావు."

సెలక్షన్ రోజున ఆఫీసుకి సెలవు పెట్టి నేనూ వెళ్లాను, నడుముకి పట్టీ కట్టుకుని. చెమట వాసన కొట్టే పొడుగాటి గది, మధ్యలో అతుకుల మ్యాట్, మూల కాటా. తాళం వచ్చి నవ్వుతూ మావాడి వీపు తట్టి, "రారా, తొందరగా కానిచ్చేద్దాం, నాకు క్లాసుంది" అన్నాడు. పొగరుతో అన్న మాట కాదు. ఎప్పుడూ తొందరగా అయిపోతుంది గనక అన్నాడు.

మాస్టారు ఈల వేశాడు. మావాడు మ్యాట్ మధ్యకి వెళ్లి, కాళ్లు ఎడం చేసి, రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు పైకి పెట్టి నిలబడ్డాడు.

"ఏంటిరా ఆ చేతులు?" ఈల. "హోటల్లో సర్వరువా?" ఈల.

వాడు చేతులు దించలేదు. వాడి చేతుల్లో ఏముందో నాకొక్కడికే తెలుసు.

తాళం వచ్చాడు. మెడ చుట్టూ చెయ్యేశాడు. నడుం దూర్చాడు. రోజూ విసిరినట్టే ధీమాగా విసిరాడు. అంతే, లేని మెట్టు మీద కాలేసిన మనిషిలా, చేతిలో ఏమీ రాక, తనొక్కడే గిర్రున తిరిగి వెల్లకిలా పడ్డాడు. వాడి చెయ్యి ఇంకా మెడకి పట్టుకునే ఉంది కాబట్టి మావాడూ వంగాడు. వంగి, కప్పుల పళ్లెం కింద పెట్టినంత జాగ్రత్తగా, తాళంగాడి గుండెల మీద పడుకున్నాడు. కుస్తీలో రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనితే ఆట ముగిసినట్టే. ఆనాయి. మాస్టారు ఈల వెయ్యడం మర్చిపోయాడు.

కింద ఉన్నవాడు కదల్లేదు. పైకప్పు వంక చూస్తూ, "ఎందుకు పడలేదురా?" అన్నాడు. కోపంగా కాదు, అన్నం పెడతానని పిలిచి తలుపు వేసుకుంటే అడిగినట్టు.

"ఇవాళ ఎగరలేదురా."

"ఎగరడమేంటి?"

"రోజూ ఎగురుతాను కదా. నువ్వు లాగే సమయానికి."

"నువ్వా? ఎగురుతావా? మరి నేను ఎత్తేది?"

అప్పుడు మాస్టారు, ఆ కాలేజీలో ఎవరూ ఎన్నడూ చూడని పని చేశాడు. నోట్లోంచి విజిలు తీశాడు.

"అంటే" అన్నాడు, "మూడేళ్లుగా వీణ్ణి ఎత్తింది నువ్వు కాదన్నమాట. వీడే ఎగిరాడు. ఇక్కడ సింహంలా ఉంటావు, పై ఊళ్లకి తీసుకెళ్తే మొదటి పట్టులోనే బోర్లాపడతావు. నేను భోజనం తేడా అనుకున్నాను, నీళ్లు పడలేదనుకున్నాను, పరుపులు మారి నిద్ర లేదనుకున్నాను."

"పరుపు మారితే కాదు సార్" అన్నాడు తాళం లేచి కూర్చుంటూ. "పరుపు నాతో బరిలోకి రాక."

ముందు మావాడు నవ్వాడు. తర్వాత తాళం కూడా నవ్వాడు. నవ్వుతూనే పక్కకి తిరిగి మొహం తుడుచుకున్నాడు. తర్వాత వెళ్లి బీరువాలోంచి జట్టు డ్రెస్సు తీసుకొచ్చి, మావాడి చేతిలో పెట్టి, "ఉతికి ఇస్తాన్లే" అన్నాడు.

పోటీల రోజున బల్లల మీద మా వరసంతా అత్తయ్య వీధివాళ్లే. బొత్తాలవాళ్లూ, గౌన్లవాళ్లూ, అంచులు మడిపించుకున్నవాళ్లూ అందరూ వచ్చారు. మావాడు బరిలోకి రాగానే అత్తయ్య లేచి నిలబడింది. వాడి ఒంటి మీద ఆ డ్రెస్సు చూసి మొహం చిట్లించింది. పొట్టివాడి డ్రెస్సు నిచ్చెనకి తొడిగితే ఎలా ఉంటుంది? భుజాల దగ్గర పట్టీలు గుంజుకుపోయి మావాడు కాస్త వంగి నడుస్తున్నాడు. పక్కల గాలి ఆడుతోంది.

"ఎవరు కుట్టారండీ అది? చేతులు విరగ్గొట్టాలి!" అంది పక్కావిడతో.

మ్యాట్ పక్కన తాళం తువ్వాలు పట్టుకుని కూర్చున్నాడు. పాపం, అలవాటు లేదు. నీళ్లడిగితే తువ్వాలిచ్చాడు, తువ్వాలడిగితే లేచి నిలబడ్డాడు.

అవతలి కాలేజీవాడు ఎద్దులా ఉన్నాడు. ఈల పడింది. మావాడు చేతులు చాచి, అరచేతులు పైకి పెట్టాడు. ఎద్దు ఆ చేతుల వంక అనుమానంగా చూసి, చుట్టూ తిరిగి, మెడ మీద చెయ్యేశాడు. కదల్లేదు. గుంజాడు, తోశాడు, వేలాడాడు. మావాడు మా అల్మారాలోని నీలం పువ్వుల కప్పుల్నే తలుచుకుంటూ స్తంభంలా నిలబడ్డాడు. "అలాగే ఉండు నాన్నా!" అని అత్తయ్య. "అలాగే ఉండు!" అని వీధంతా.

రిఫరీ మావాణ్ణి హెచ్చరించాడు, నువ్వూ ఏదో ఒకటి చెయ్యాలని. అప్పుడు తెలిసింది మాకు, వాడికి పడటం వచ్చు, పడకుండా ఉండటం వచ్చు. ఎదుటివాణ్ణి పడెయ్యడం ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు! మళ్లీ హెచ్చరిక, ఎద్దుకో పాయింటు. ఇంకోసారి, ఇంకో పాయింటు. టైమైపోయేసరికి ఎద్దు నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు, మావాడికి చెమట చుక్క లేదు. రిఫరీ ఎద్దు చెయ్యి పైకెత్తాడు.

"వాడి చెయ్యెందుకు ఎత్తారు బాబూ?" అంది అత్తయ్య.

"చాలా కష్టపడ్డాడని, అత్తయ్యా."

"పాపం, ఎత్తనివ్వండి. మనవాడు పడలేదుగా!"

వీధివాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. ఓడినవాడికి అన్ని చప్పట్లు పడటం చూసి ఎద్దు కాసేపు తికమకపడి, తనూ కొట్టాడు.

బయటికొచ్చాక అత్తయ్య కొడుకుని ఒళ్లంతా తడిమి, తడిసిందేమోనని ఆ డ్రెస్సు కూడా తడిమింది. పక్కనే తువ్వాలుతో నిలబడ్డ తాళాన్ని చూసి, "నువ్వూ కుస్తీ పడతావా బాబూ?" అని అడిగింది.

మావాడి మొహం పాలిపోయింది. మూడేళ్లూ ఆ డ్రెస్సు వేసుకున్నవాడు ఎదురుగా నిలబడ్డాడు. ఒక్క మాట చాలు.

తాళం మావాడి వంక చూశాడు, ఆ డ్రెస్సు వంక చూశాడు. "లేదమ్మా" అన్నాడు. "నేను వీడికి సాయం. తువ్వాలు అందిస్తాను."

"అయ్యో, నీ చొక్కా చూడు ఎలా చిరిగిందో. రేపు ఇంటికి రా, కొలతలు తీసుకుంటాను" అంది ఆవిడ.

ఆ కొలతలకి వచ్చినవాడు మరి వెళ్లలేదు. ఆవిడ చేతి కాఫీకీ కేకలకీ అలవాటుపడి ఇంటి మనిషైపోయాడు. చదువులయ్యాక ఇద్దరూ కలిసి పెట్టిందే ఈ పరుపుల కొట్టు. పరుపుల గలీబులన్నీ అత్తయ్యే కుడుతుంది, కొట్టు వెనక గదిలో కూర్చుని. అయితే పోటీ మాత్రం ఇంకా తెగలేదు. అప్పట్లో దిగడానికి కొట్టుకున్నారు, ఇప్పుడు పడటానికి కొట్టుకుంటున్నారు. బేరం వచ్చిందంటే "నేను పడతాను" "నిన్న నువ్వేగా పడ్డావు" అని మొదలు.

మొన్న ఆదివారం, ఆ రోజుల్నాటి నడుం నొప్పి మళ్లీ తిరగబెట్టి, నేనే పరుపు కొందామని వెళ్లాను. అలవాటు కొద్దీ నోరుజారి, "ఇది గట్టిదేనా?" అనేశాను. రెండు కళ్లజోళ్లు ఒక్కసారే కౌంటరు మీదకొచ్చాయి.

"బావకి నేను చూపిస్తా."

"నీకు బావైతే నాకు కాదా? నేను పడతా."

లోపలి నుంచి అత్తయ్య మిషను ఆపకుండానే అరిచింది. "ఇద్దరూ వద్దు. కొనేది అల్లుడుగారు. ఆయన్నే పడనివ్వండి!"

నేను వద్దనేలోపే వెనక నుంచి వచ్చి తాళం చెయ్యి నా మెడ మీద పడింది. మా ఆవిడ ఇంట్లో ఉంది. నా చేతుల్లో కప్పుల సెట్టు లేదు.